మలినాన్ని అంచుకు తోసిన యంత్రం

రేడియోలు, ఫోన్లు బాగుచేసే చోట టంకం తీగను చూడండి. తగరం విడిగా 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. 63 పాళ్ల తగరానికి 37 పాళ్ల సీసం కలిపితే మాత్రం ఆ మిశ్రమం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. ఒక పదార్థంలో మరొకటి కలిస్తే కరిగే ఉష్ణోగ్రత సాధారణంగా తగ్గుతుంది.

ఎందుకంటే గడ్డకట్టడమంటే పరమాణువులు వరుస తీరి కూర్చోవడం. ఆ వరుసలో ఇమడని పరాయి పరమాణువు ద్రవంలోనే ఉండిపోతుంది. అలా కలగలిసిన ద్రవం గడ్డకట్టాలంటే ఇంకా చల్లబడాలి. సముద్రపు నీరు సున్నా దగ్గర కాక సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టేది అందుకే. ఆ మంచులో ఉప్పు సముద్రంలో కంటే చాలా తక్కువ, మిగిలిన నీటిలో ఎక్కువ. స్ఫటికం తనంతట తానే మలినాన్ని బయటికి నెడుతుందన్నమాట. ఈ గుణాన్నే యంత్రంగా మలిచినవాడు విలియం ఫాన్.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. దాని ప్రాణం జెర్మేనియం అనే మూలకం. అందులో ఏ పరాయి పరమాణువు ఎంత ఉందన్నదాన్ని బట్టే విద్యుత్తు నడక మారుతుంది. కావలసినంత మలినాన్ని కొలిచి కలపాలంటే ముందు అక్కర్లేనిదంతా పోవాలి. రసాయన పద్ధతులతో అంత శుద్ధి సాధ్యం కాలేదు.

ఫాన్ 1935లో బెల్ ల్యాబ్స్‌లో ప్రయోగశాల సహాయకుడిగా చేరాడు. పగలు ఉద్యోగం చేస్తూ, రాత్రి తరగతుల్లో కెమికల్ ఇంజినీరింగ్ చదువుకున్నాడు. కరిగించి గడ్డకట్టించి శుద్ధి చేయడం అప్పటికే పాత పద్ధతి. కానీ మొత్తం ముద్దను కరిగించి, కొంత గడ్డకట్టాక మిగిలిన మురికి ద్రవాన్ని వంపేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఫాన్‌కు తట్టింది చూడటానికి చాలా చిన్న మార్పు. అయినా నాకు ఆ శతాబ్దపు గొప్ప ఆలోచనల్లో అదొకటి అనిపిస్తుంది. ముద్దంతా కరిగించడమెందుకు? ఒక సన్నని పట్టీని మాత్రమే కరిగించి, ఆ పట్టీనే నడిపిస్తే చాలు కదా!

పొడవాటి గ్రాఫైట్ దోనెలో జెర్మేనియం కడ్డీ ఉంటుంది. చుట్టూ ఉన్న వేడి తీగచుట్ట 938 డిగ్రీలు దాటించి ఒక చిన్న భాగాన్ని కరిగిస్తుంది. చుట్ట ముందుకు జరిగేకొద్దీ ఆ భాగానికి ముందంచు కరుగుతుంది, వెనకంచు గడ్డకడుతుంది. గడ్డకట్టే అంచు మలినాలను ద్రవంలోకే తోసేస్తుంది. ద్రవం వాటిని మోసుకుంటూ, చీపురు చెత్తను గుమ్మం వైపు నెట్టినట్టు, కడ్డీ చివరికి చేరుస్తుంది. ఒక్కసారికి అంతా పోదు. మళ్లీ మొదటి నుంచి ఊడ్వాలి. అయితే ద్రవాన్ని వంపనక్కర్లేదు. వరసగా చాలా చుట్టలు అమర్చితే, కడ్డీ వాటి గుండా సాగే ఒక్క ప్రయాణంలోనే అన్నిసార్లూ శుభ్రపడుతుంది. చివరికి మురికి పోగైన కొసను కోసి పారేస్తారు.

1952లో ఫాన్ ఈ పద్ధతి సూత్రాలను ప్రచురించాడు. దీనికి జోన్ రిఫైనింగ్ అని పేరు. వెయ్యి కోట్ల జెర్మేనియం పరమాణువుల్లో ఒక్క మలిన పరమాణువు అన్నంత స్వచ్ఛత దీనితో చేతికొచ్చింది.

సిలికాన్ మాత్రం మొండికేసింది. అది 1414 డిగ్రీల దగ్గర గానీ కరగదు, కరిగాక ఏ పాత్రలో పోసినా ఆ పాత్ర మలినమే అందులో చేరుతుంది. బెల్ ల్యాబ్స్‌లోనే హెన్రీ థ్యూరర్ పాత్రనే తీసేశాడు. కడ్డీని నిలువుగా నిలబెట్టి నడుమ పట్టీని కరిగిస్తే, ద్రవపు తలతన్యతే దాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతుంది. అయినా బోరాన్ లొంగలేదు. సిలికాన్ గడ్డకట్టేటప్పుడు బోరాన్ దాదాపు ద్రవంలో ఉన్నంతగా స్ఫటికంలోకి వచ్చేస్తుంది గనుక, దాన్ని ఊడ్చడం కష్టం. అందుకే సిలికాన్‌ను ముందు సులువుగా ఆవిరయ్యే సమ్మేళనంగా మార్చి శుద్ధి చేయడం ఆనవాయితీ అయింది. పాత్ర లేని ఆ తేలే పట్టీ పద్ధతి మాత్రం పోలేదు. అధిక వోల్టేజీని తట్టుకోవలసిన విద్యుత్ పరికరాలకు కావలసిన సిలికాన్ కడ్డీలను ఇప్పటికీ ఆ పద్ధతిలో తీస్తున్నారు.