డేన్ల బీరులో ఒకే ఒక్క కణం

డెన్మార్క్‌లో నవంబరు మొదటి శుక్రవారం రాత్రి 8 గంటల 59 నిమిషాలకు ట్యుబోర్గ్ క్రిస్మస్ బీరు బార్లలోకి వస్తుంది. డిసెంబరులో ఆఫీసు వాళ్లంతా కూడే విందులో రై రొట్టె, ఊరబెట్టిన హెరింగ్ చేపల పక్కన బీరు తప్పనిసరి. ‘స్కోల్’ అని గ్లాసెత్తినప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడకపోతే మర్యాద కాదు. ఒకప్పుడు అక్కడ స్నాప్స్ అనే ఘాటైన సారాదే పెత్తనం. యుద్ధకాలపు తిండిగింజల కొరతలో, 1917లో ప్రభుత్వం పన్ను వేసి దాని ధరను పది రెట్లకు పైగా పెంచడంతో జనం బీరుకు మళ్లారు.

అప్పటికే బీరు నిలకడైన సరుకు. అంతకుముందు అలా కాదు. బాగా వస్తున్న బీరు ఉన్నట్టుండి చేదెక్కి కంపు కొట్టేది. తప్పు బాక్టీరియాదని లూయీ పాశ్చర్ 1876లో తేల్చాడు. అది సగమే నిజం. కోపెన్‌హాగన్‌లో బీరు వ్యాపారి యాకబ్సెన్ 1875లో పెట్టిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అసలు దొంగను పట్టాడు. చక్కెరను ఆల్కహాలుగా మార్చే ఈస్ట్‌లోనే పనికిమాలిన అడవి జాతులు కలిసి ఉన్నాయి.

అయితే కంటికి కనబడని కణాన్ని ఒంటరిగా ఏరడం ఎలా? హాన్సెన్ ఉపాయం అద్భుతం. ఈస్ట్‌ను నీళ్లలో కలిపి, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెడుతూ, రెండు కొలతల నీటికి సగటున ఒక్క కణం ఉండేదాకా పలచన చేశాడు. ఒక్కో కొలతను ఒక్కో ఫ్లాస్కులోని మాల్ట్ రసంలో పోశాడు. సంభావ్యత లెక్కన పదింట ఆరు ఫ్లాస్కులు ఖాళీ, మూడింటిలో ఒకే కణం, ఒకదానిలో రెండో అంతకు మించో. పేచీ ఆ చివరిదానితోనే. అందుకే ఫ్లాస్కులను గట్టిగా కుదిపి, కదలకుండా వదిలేశాడు. విడిపోయిన కణాలు అడుగున తలోచోట దిగి, అక్కడే పెరిగి, కొన్నాళ్లకు తెల్లటి మచ్చలవుతాయి. ఒకే మచ్చ ఉంటే అదంతా ఒకే కణం సంతానం!

అలా వేరుచేసిన నాలుగు రకాల్లో మంచి బీరు ఇచ్చింది ఒక్కటే. దాంతో 1883 నవంబరులో కార్ల్స్‌బర్గ్‌లో బీరు కాచారు. యాకబ్సెన్ ఆ ఈస్ట్‌ను దాచుకోకుండా పోటీదారులకూ ఇచ్చాడు.

హాన్సెన్ ‘శుద్ధ’ ఈస్ట్ పుట్టుకతో సంకరమే. ఒక వంశం బీరు, రొట్టె తయారీలో వాడే మామూలు ఈస్ట్‌ది. రెండోది ఏదో చాలాకాలం తెలియలేదు. చివరికి 2011లో పటగోనియా అడవుల్లో బీచ్ చెట్ల బుడిపెల మీద దొరికింది. చలికి తట్టుకునే గుణం దానిదే. ఈ సంకర ఈస్ట్‌తో చేసే లాగర్ బీరు చల్లని గదుల్లో పులియడానికి అదే కారణం.