ఇంటి కంప్యూటరు: పాస్‌వర్డుల పదిలము

ఇంటికి తాళము వేసి, తాళపుచెవిని చూరులో దోపి పొలమునకు పోవుట మన పల్లెలలో పూర్వమునుండి యున్న యలవాటు. ఇరుగుపొరుగువారియందు మనకు గల నమ్మకమే దానికి కావలి. కంప్యూటరునకు మాత్ర మీ కావలి చాలదు. దానికి ప్రపంచమంతయు ఇరుగుపొరుగే.

మోత్కూరులో మా యింట కంప్యూటరు ఒక్కటే. దానిపై మేము తెఱవవలసిన ఖాతాలు మాత్రము ఇరువదినాలుగు. బ్యాంకు, ఈమెయిలు, రైలు టికెట్లు, కరెంటు బిల్లు, పిల్లల దరఖాస్తులు, ప్రతిదానికిని ఒక యూజర్‌నేము, ఒక పాస్‌వర్డు. యూజర్‌నేము తలుపుమీది పేరు వంటిది; పదిమందికి తెలిసినను పెద్ద నష్టము లేదు. పాస్‌వర్డు తాళపుచెవి.

ఈ పద్ధతి కంప్యూటరులకు వచ్చి అఱువదేండ్లు దాటినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాటో అను పండితుడు, ఒకే యంత్రమును పలువు రొకేసారి వాడుకొను ఏర్పాటును 1961లో ప్రదర్శించెను. ఒకరి పత్రములను మఱియొకరు చూడకుండుటకై అందు పాస్‌వర్డులు పెట్టిరి. 1966లో ఒకనాడు పొరపాటున, లోనికి వచ్చిన వారికెల్ల పలుకరింపు వాక్యమునకు బదులుగా పాస్‌వర్డుల పట్టికయే కనబడెను! నాడు పలువురకు ఒక యంత్రము. నేడు ఒకరికి పదులకొలది ఖాతాలు. అందుచే మనబోటి వారు అన్నిటికి నొకే పాస్‌వర్డు పెట్టుకొని సులువు చూచుకొందురు.

అపాయ మక్కడనే యున్నది. 2009లో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటబడినవి. వానిలో ఎక్కువమంది పెట్టుకొన్నది 123456. దొంగ ఒకచోట దొరకిన మాటను అదే పేరుతో ఈమెయిలుపైనను, బ్యాంకుపైనను ప్రయోగించి చూచును. కావున ఖాతాకొక పాస్‌వర్డు ఉండవలెను.

అది పొడవుగా నుండుటయు ముఖ్యము. ఇంగ్లీషు చిన్న అక్షరములు 26. ఎనిమిది అక్షరములతో కూర్పదగిన మాటలు సుమారు 20,882 కోట్లు. సెకనుకు నూఱుకోట్లు పరీక్షించు యంత్రమునకు అది మూడున్నర నిమిషముల పని. పండ్రెండు అక్షరములైనచో మూడేండ్లు పట్టును. పదునైదైనచో ఏబదివేల యేండ్లకు పైబడును. ఇది క్రమము లేక కూర్చిన అక్షరముల లెక్క. బిడ్డ పేరు, పుట్టిన తేది వంటివి దొంగ మొదటనే చూచును. ఒకదానితో నొకటి పొత్తులేని నాలుగైదు మాటలు చేర్చుట మేలు.

ఇన్ని మాటలు జ్ఞాపకముండునా యని విద్యార్థు లడుగుదురు. ఉండవు. ఈ సంగతి మేము ఆలస్యముగా గ్రహించితిమి. పదవ తరగతి ముగించిన యొక బాలునకు మేమే మా కంప్యూటరుపై ఈమెయిలు ఖాతా తెఱచి, పాస్‌వర్డును చీటీపై వ్రాసి యిచ్చి, అతని తండ్రి ఫోను నంబరును జతపఱచితిమి. మఱుసటి యేడు విద్యార్థివేతనపు దరఖాస్తునకు కడపటి దినమున ఆ బాలుడు పరుగున వచ్చెను. చీటీ చొక్కాతోకూడ ఉతుకునకు పోయినదట. పాస్‌వర్డు మార్చుదమన్న, ఓటీపీ పాత నంబరునకు పోవుచుండెను. తండ్రి కూలిపనికై పట్టణము చేరి, ఆ నంబరునకు రీచార్జి చేయక వదలివేసెను. అట్లు వదలిన నంబరు కొంతకాలమునకు వేఱొకరికి పోవును. అర్ధరాత్రికి గడువు తీఱినది. ఆ యేటి వేతనము బాలునకు రాలేదు. తప్పు బాలునిది కాదు. తెఱచుట నేర్పి, దాచుట నేర్పని మాది.

నాటినుండి మేము పాటించు పద్ధతి యిది. ఒక నోటుపుస్తకమున ఖాతా పేరు, యూజర్‌నేము, పాస్‌వర్డు, జతపఱచిన నంబరు వరుసగా వ్రాసి, ఇంటి దస్తావేజులతో బీరువాలో నుంచెదము. దూరదేశపు దొంగ మన బీరువాలోని పుస్తకమును చదువలేడు. తెరకు అంటించిన చీటీని మాత్రము ఇంటికి వచ్చినవా రెల్లరు చదువుదురు. కంప్యూటరులోనే దాచుకొన గోరువారికి కీపాస్ వంటి పాస్‌వర్డు మేనేజరులు వెలలేకయే దొరకును. అవి పాస్‌వర్డుల నన్నిటిని గూఢలిపిలో నుంచి ఒక్క పెద్ద పాస్‌వర్డుతో తెఱచుకొనును. ఆ యొక్కటి మఱువరాదు; ఆ పట్టికకు నకలు నొకటి వేఱుచోట నుంచవలెను. ఇంటిలో ఒక్కొక్కరికి కంప్యూటరుపై వేర్వేఱు ప్రవేశ ముండుటయు మంచిది.

ఊరక మూడునెలల కొకసారి పాస్‌వర్డు మార్చ నక్కఱలేదని అమెరికా ప్రమాణముల సంస్థ 2017లో తెలిపినది. బయటబడెనని శంక కలిగిన వెంటనే మార్చవలెను. పుట్టిన ఊరేది యను రహస్యప్రశ్నకు మోత్కూరని జవాబిచ్చినచో, అది ఊరివారికందఱకును తెలిసిన రహస్యమే. ఓటీపీ నెవ్వరడిగినను చెప్పరాదు. సొమ్ము పోయినచో ఆలసింపక 1930కి ఫోను చేయవలెను.

విద్యార్థులారా, ఈ సెలవులలో ఒక సాయంత్రము తల్లిదండ్రులతో కూర్చుండి మీ యింటి ఖాతాలను వ్రాసికొనుడు. జతపఱచిన నంబరు మీ చేతనున్నదో లేదో చూచుకొనుడు. ఆ బాలుడు మఱుసటి యేడు దరఖాస్తునకు అట్టి నోటుపుస్తకముతోనే మా యింటికి వచ్చెను. పని పది నిమిషములలో ముగిసెను.