నెత్తురు కడిగే చేతులు

రోడ్డు ప్రమాదం వార్త పేపర్లో చదువుతాం. 'అయ్యో పాపం' అనుకుని పేజీ తిప్పేస్తాం. నుజ్జయిన ఆ లారీ తరువాత ఎక్కడికి పోతుంది? అందులోని నెత్తురు ఎవరు కడుగుతారు? మాలో కొందరికి సమాధానం తెలుసు. మా నాన్నలు, బాబాయిలు ఆటోనగర్‌లో చేసేది ఆ పనే.

లారీ బాడీలు కట్టడానికి, ఇంజన్లు బాగుచేయడానికి పేరున్న చోటు విజయవాడ జవహర్ ఆటోనగర్. ప్రమాదం జరిగిన బండి నేరుగా ఇక్కడికి రాదు. ముందు పోలీసులు పంచనామా రాస్తారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పరీక్షిస్తారు. ఇన్సూరెన్స్ సర్వేయరు ఫొటోలు తీస్తారు. అంతవరకు కడగకూడదు, ఆ మరకలూ సాక్ష్యమే. బండి షెడ్డుకు చేరేసరికి నెత్తురు ఎండి, కంపు కొడుతూ, ఈగలు ముసురుతుంటాయి. రేకు కొట్టే మేస్త్రీ చేయి పెట్టాలంటే ముందు క్యాబిన్ శుభ్రం కావాలి.

దీనికీ ఒక పద్ధతి ఉంది. వేడినీళ్లు పోయకూడదు. వేడికి నెత్తురులోని ప్రోటీన్ గడ్డకట్టి మరక వదలదు. చన్నీళ్లతో నానబెట్టి తుడవాలి. ఆ తరువాత బ్లీచింగ్ నీళ్లు పోసి 10 నిమిషాలు ఉంచాలి. బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం కలపరాదు, క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. నెత్తురు పీల్చిన సీటు స్పాంజిని కోసి పారేయాల్సిందే. హెపటైటిస్-బి వైరస్ ఎండిన నెత్తురులో 7 రోజులైనా బతికి ఉండగలదు. అద్దం పెంకు వేలికి గుచ్చుకుంటే చాలు. దీనికి 3 డోసుల టీకా ఉంది. గ్లౌజులు, బూట్లు తప్పనిసరి. మేము చూసినప్పుడు మాత్రం ఉత్త చేతులే కనిపించాయి.

సీటు కింద ఒక్కోసారి టిఫిన్ క్యారేజీ, చిన్నపిల్ల చెప్పు దొరుకుతాయి. వాటిని కవర్లో కట్టి ఓనరుకు అప్పగిస్తారు. "ఆ పూట అన్నం సయించదు బాబూ" అన్నారు మా మిత్రుడి నాన్న. ఈ బాధకు టీకా లేదు. ఇంట్లో చెప్పుకోరు, మేమూ అడగలేదు.

మన ప్రాంతానికి ఇలాంటి చేతుల అవసరం కొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు శవాలను, పశువుల కళేబరాలను పూడ్చినవారు ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు వేరే ఊళ్ల నుంచి కూడా వచ్చి బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులు ఉన్నారు. వాళ్లు శుభ్రం చేశాకే మిగిలినవారు ఇళ్లలోకి వెళ్లగలిగారు.

మన ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల దగ్గర పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టారు. పాకీపని నిర్మూలనకు పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆయన తన పుట్టుకను దాచుకోలేదు.

మేము దాచుకున్నాం. హాస్టల్ అప్లికేషన్‌లో తండ్రి వృత్తి అన్నచోట 'మెకానిక్' అని రాశాం. ఈ వ్యాసంతో ఆ తప్పు దిద్దుకుంటున్నాం. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక్క మనవి. ఈసారి ఊరికి వస్తే మీ నాన్నకు, బాబాయికి ఒక జత గ్లౌజులు కొనివ్వండి. టీకా వేయించండి. పక్కన కూర్చుని, ఈ రోజు పని ఎలా జరిగిందని అడగండి.