పడుకునే సీటు... కదలని విమానం

ముక్తేశ్వరం రేవులో పంటు కోసం ఆగడం కోనసీమ వాళ్లకు కొత్తేమీ కాదు. అవతల కోటిపల్లి, మధ్యలో గౌతమి. పంటు అవతలి గట్టున ఉంటే అది వచ్చేదాకా ఆగాలి. ఇవతలే ఉన్నా నాలుగు కార్లూ, పది మోటారు సైకిళ్లూ ఎక్కేదాకా ఆగాలి. వరదొస్తే రోజుల తరబడి అది కదలనే కదలదు. కారులో ఏసీ వేసుకుని కూర్చున్న ఆసామీ, నెత్తిన కూరగాయల గంప పెట్టుకున్న అవ్వా... ఇద్దరూ ఏరు దాటేది ఒక్కసారే.

2024 ఫిబ్రవరిలో ఓ ఉదయం ఆ రేవులోనే మొదలైంది మా పెద్దమ్మ అమెరికా ప్రయాణం. రావులపాలెం మీదుగా రోడ్డున రాజమండ్రి పోవచ్చు. కానీ పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఊళ్లో క్షణముక్తేశ్వరుడికి దణ్ణం పెట్టి, ఏరు దాటి కోటిపల్లి సోమేశ్వరస్వామికీ చెప్పి వెళ్లాల్సిందేనంది. పంటు కోసం ముప్పావు గంట ఆగాం. ఎదురుగా గోదావరిలో రైలు వంతెన స్తంభాలు. కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం 2000-01 రైల్వే బడ్జెట్లో మంజూరైంది. స్తంభాలు లేచాయి గానీ రైలు మాత్రం ఇంకా రాలేదు. ''ఒరే అబ్బాయ్, ఈ బండి ఎన్ని గంటలు లేటో లెక్కకట్టరా'' అని నవ్వింది పెద్దమ్మ. అప్పటికి మాకు నవ్వే ఓపిక ఉంది మరి!

పెద్దమ్మకు అరవై ఎనిమిదేళ్లు. సుగరుంది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. డాలస్‌లో ఉన్న మా అక్కకు పెళ్లయిన తొమ్మిదేళ్లకు తొలి కాన్పు. పురిటికి తల్లి దగ్గరుండాలి. ముప్పై గంటల పైచిలుకు ప్రయాణం ఆవిడ మోకాళ్లతో మామూలు సీట్లో కూర్చుని చెయ్యలేదని బావ తన క్రెడిట్ కార్డు పాయింట్లన్నీ ఊడ్చి రెండు బిజినెస్ క్లాస్ టికెట్లు తీశాడు. ఒకటి ఆవిడకి, ఇంకోటి తోడు వెళ్లే నాకు. మా ఆఫీసులో సెలవడిగితే ''వచ్చాక ఆదివారం పేజీలకు ఏదైనా రాయి'' అని షరతు పెట్టారు. ఆ బాకీ ఇన్నాళ్లకు తీరుస్తున్నా.

పూతరేకు కాదు పెద్దమ్మా!

హైదరాబాదు విమానాశ్రయంలో మాకు వేరే కౌంటర్. ముందు మనుషులే లేరు. కాయం సీసా, ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఉన్న పెట్టెల్ని కిక్కురుమనకుండా తీసుకున్నారు. విమానం ఎక్కాక సీటు పక్కన మీట నొక్కితే అది సాగి సాగి ఆరడుగుల మంచమైపోయింది. ''ఇది కుర్చీయా, పట్టెమంచమా?'' అంది పెద్దమ్మ. ఇంతలో చిన్న పళ్లెంలో తెల్లటి చుట్ట ఒకటి తెచ్చిపెట్టారు. పూతరేకు అనుకుని చెయ్యి చాపింది. ముఖం తుడుచుకోమని ఇచ్చిన వేడి తువ్వాలు అది.

ఈ వైభోగానికి మరీ పెద్ద చరిత్రేమీ లేదు. విమానాల్లో మొదట్లో ముందు ఫస్ట్ క్లాసు, వెనక మామూలు క్లాసు... అంతే. 1970ల్లో టికెట్ల మీద రాయితీలు పెరిగాయి. ఆఫీసు పని మీద పూర్తి ధర పెట్టి వెళ్లే ఉద్యోగి, సగం ధరకు విహారయాత్రకు పోయే కుర్రాడు పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది. పూర్తి డబ్బు కట్టినవాళ్లకు కోపం రాదూ! వాళ్లకోసం పాన్ యామ్ సంస్థ 1978లో 'క్లిప్పర్ క్లాస్' అని ఒకటి పెట్టింది. మరుసటి ఏడాదే క్వాంటాస్ కూడా బిజినెస్ క్లాస్ తెచ్చింది. అప్పుడు కూడా అవి కుర్చీలే. పూర్తిగా మంచంలా పరుచుకునే సీటు బిజినెస్ క్లాసులోకి వచ్చింది 2000లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌తో. ఆ తర్వాత మిగతా సంస్థలకూ తప్పలేదు. మామూలు టికెట్ కంటే మూడు నాలుగింతలు పలికే ఈ కొద్దిపాటి సీట్ల మీదే దూరప్రయాణపు విమానాలకు ఆదాయం ఎక్కువ. అందుకే ఆ మర్యాద.

మంచం సోకు కోసమే అనుకోనక్కర్లేదు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. పెద్దవాళ్లకూ, సుగరున్నవాళ్లకూ కాళ్లు చాపుకునే చోటు దొరకడం పెద్ద ఊరటే. అయితే ఇదంతా విమానం కదిలితేనే!

'ఇంకో ఇరవై నిమిషాలు...'

మధ్యలో విమానం మారే ఊళ్లో మాకు అసలు కథ మొదలైంది. సంస్థ పేరు, ఊరి పేరు ఇక్కడ అనవసరం. రాత్రి రెండింటికి బయల్దేరాలి. పదహారు గంటల ప్రయాణం. ఎక్కాం, కూర్చున్నాం, పళ్లరసం ఇచ్చారు. 'చిన్న సాంకేతిక సమస్య, ఇంకో ఇరవై నిమిషాలు' అన్నాడు కెప్టెన్. ఆ తర్వాత నలభై నిమిషాలన్నాడు. ఆ తర్వాత నిమిషాల లెక్క మానేశాడు. మూడు గంటలు అలా కూర్చోబెట్టి, ఐదింటికి అందరినీ దించేశారు. సాయంత్రం ఐదింటికి బయల్దేరుతుందని బోర్డు మీద వేశారు. అక్షరాలా పదిహేను గంటల ఆలస్యం!

లోపం రెండు గంటల్లో సరిచేసినా వెంటనే ఎందుకు ఎగరదూ అంటే... పైలట్ల డ్యూటీకి గంటల పరిమితి ఉంటుంది. విమానం నేల మీద ఆగి ఉన్నా వాళ్ల గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఆగిన మూడు గంటలకు ముందున్న పదహారు గంటలు కలిపితే పరిమితి దాటిపోతుంది. కొత్త సిబ్బంది రావాలి. వాళ్లకు ముందు చాలినంత విశ్రాంతి దొరికి ఉండాలి. పైగా ఇంత దూరం పోయే పెద్ద విమానం అదనంగా ఒకటి ఖాళీగా ఎవరి దగ్గరా పడుండదు. హైదరాబాదు నుంచి ఢిల్లీకైతే రెండు గంటల్లో ఇంకోటి చూపిస్తారు. అమెరికాకి అలా కుదరదు.

దిగాక మా దారి వేరైంది. బిజినెస్ క్లాస్ వాళ్లను లాంజ్‌కి తీసుకెళ్లారు. మెత్తటి సోఫాలు, స్నానాల గదులు, పడుకోవడానికి చీకటి గది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేడి వేడి తిండి. పెద్దమ్మ ఇన్సులిన్ తీసుకుని పావుగంటలో భోజనం చేసింది. ఇన్సులిన్ చేతి సంచిలోనే పెట్టుకోమని డాక్టరు గట్టిగా చెప్పి ఉండటం మంచిదైంది. కింది అరలో వేసిన పెట్టె పదిహేను గంటలు విమానంలోనే ఉండిపోయింది. పైగా అక్కడి చలికి ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు.

భోజనమయ్యాక పెద్దమ్మ అడిగింది... ''ద్రాక్షారామం వాళ్లేరీ?''

హైదరాబాదులో చక్రాల కుర్చీల దగ్గర పరిచయమైన ముసలి దంపతులు వాళ్లు. కాలు నొప్పి లేకపోయినా చక్రాల కుర్చీ అడిగేవాళ్లు మన పెద్దల్లో చాలామంది. ఇంగ్లీషు రాదు, దారి తెలీదు. కుర్చీ తోసే మనిషే వాళ్లకు దారీ భాషాను. ఆ దంపతులదీ అదే పరిస్థితి. కొడుకు దగ్గరికి తొలిసారి వెళ్తున్నారు. ఆయనకీ సుగరే. వెనక క్లాసు.

వెళ్లి చూస్తే వాళ్లు ఇనప కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఫలహారం కూపన్ల కోసం రెండొందల మంది వరస. ముసలాయన చెయ్యి వణుకుతోంది. లాంజ్‌లోకి తీసుకెళ్తామని అడిగాను. ఆ టికెట్ ఉన్నవాళ్లకే ప్రవేశం అంది కౌంటర్లో అమ్మాయి, మర్యాదగానే. పెద్దమ్మకు తెలుగులో చెప్పాను. ''ఆయన సుగరుకి తెలుస్తుందేవిట్రా, తను వెనక సీటని?'' అంది. ఇంగ్లీషులోకి తిప్పి చెప్పమంది కూడా. నేను చెప్పలేదు.

తర్వాత పెద్దమ్మ చేసిన పని నియమాలకు ఒప్పుతుందో లేదో తెలీదు. చేతి సంచిలో నాలుగు అరటిపళ్లు, రొట్టె ముక్కలు, రెండు పెరుగు కప్పులు పెట్టుకుని బయటికి నడిచింది. అరిగిన మోకాళ్లతో అలా మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి నన్ను పంపింది. తలుపు దగ్గర అమ్మాయి చూసింది. చూసి కంప్యూటర్ వైపు తిరిగింది.

ఉదయం పదింటికి బావ ఫోన్. అక్కకు నొప్పులు మొదలయ్యాయి. పన్నెండు రోజులు ముందే!

ఆ తర్వాత లాంజ్‌లో సోఫా ఎంత మెత్తగా ఉందో, తిండి ఎంత రుచిగా ఉందో నాకు గుర్తు లేదు. కౌంటరుకెళ్లి ఇంకో విమానంలో పంపమని అడిగాను. బిజినెస్ క్లాస్ వాళ్ల వరస చిన్నది కాబట్టి తొందరగానే జవాబొచ్చింది. జవాబు మాత్రం 'లేదు' అనే. అటుపక్క వెళ్లే విమానాలన్నీ నిండిపోయాయి. సాయంత్రం ఐదింటికి ఎక్కాం. పెద్దమ్మ సీటును మంచం చేసి, దుప్పటి పరిచాను. పదహారు గంటలూ ఆవిడ ఆ మంచం మీద కూర్చునే ఉంది. నిద్రపోలేదు.

డాలస్‌లో చక్రాలు నేలను తాకాక ఫోన్ మోగింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. పుట్టింది మేం ఎగిరిన ఏడు గంటలకు. విమానం వేళకు బయల్దేరి ఉంటే అప్పటికి పెద్దమ్మ దిగి ఆరు గంటలయ్యేది. ఆవిడ లెక్కకట్టలేదు. ''కాయం పెట్టె వచ్చిందో లేదో చూడరా'' అంది. ఇమిగ్రేషన్ వరసలో క్లాసులేమీ ఉండవు. గంటన్నర నిలబడ్డాం. మా ముందు ద్రాక్షారామం ముసలాయన చక్రాల కుర్చీలో...

అడగాల్సినవి అడగాలి

తిరిగొచ్చాక కూర్చుని ఈ నిబంధనలన్నీ చదివాను. ముందే చదివి ఉంటే బాగుండేది. పిల్లలు విదేశాల్లో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ సంగతులు తెలిసి ఉండాలి. మన డీజీసీఏ నిబంధనల ప్రకారం ఐదు గంటలకు మించిన ప్రయాణమైతే, నాలుగు గంటల ఆలస్యం దాటితే భోజనం, ఫలహారం పెట్టాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది ఇవ్వాలి. మిగతా వేళల్లో ఆ హక్కు 24 గంటల ఆలస్యం దాటితేనే. వీటిలో ఎక్కడా ముందు సీటు, వెనక సీటు అనే తేడా లేదు. కూపన్ అడిగే హక్కు ద్రాక్షారామం ఆయనకూ, పెద్దమ్మకూ ఒక్కటే. వరసలు వేరు, అంతే!

యూరప్‌లోనైతే ఇంకా ముచ్చట. అక్కడి విమానాశ్రయం నుంచి బయల్దేరి 3,500 కిలోమీటర్లు దాటే ప్రయాణం, సంస్థ తప్పు వల్ల మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరితే 600 యూరోల దాకా పరిహారం ఇవ్వాలి. 2005 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. లక్షలు పోసి పడుకున్నవాళ్లకూ, వేలల్లో కొని ముడుచుకున్నవాళ్లకూ అదే మొత్తం. వాతావరణం బాగాలేకపోతే మాత్రం పరిహారం అడగలేం.

బిజినెస్ టికెట్ కొన్నవాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చేది ఇంకోటుంది. ఆలస్యాల గందరగోళంలో ఒక్కోసారి 'ఇంకో విమానంలో పంపుతాం గానీ వెనక సీటే' అంటారు. అలా మన ఇష్టం లేకుండా క్లాసు దించితే, 2023 ఫిబ్రవరి 15 నుంచి డీజీసీఏ నిబంధన ఒకటుంది. విదేశీ ప్రయాణం 1,500 కిలోమీటర్ల లోపైతే టికెట్ డబ్బులో 30 శాతం, 3,500 లోపైతే 50 శాతం, అంతకు మించితే 75 శాతం పన్నులతో సహా వెనక్కివ్వాలి. ఈ సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

ముందు సీటు కొన్నాం కదా, మనకేం కాదులే అనుకోవడానికి మాత్రం లేదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యాలోని మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు. ఆ చిన్న ఊళ్లో అంతమందికి సరిపడా హోటళ్లు లేక తాత్కాలిక బసలు చూశారు. బడిలో పరుపులు పరిచారు. బిజినెస్ క్లాస్ నుంచి బడి తరగతి గదిలోకన్నమాట! ఏడాది తిరక్కుండానే, 2024 మే నెలాఖరున అదే దారిలో వెళ్లాల్సిన ఇంకో విమానం ఇరవై గంటలకు పైగా ఆలస్యమైంది. ఢిల్లీ ఎండల్లో ఏసీ సరిగా లేని విమానంలో కూర్చుని కొందరు స్పృహ తప్పారు. డీజీసీఏ సంస్థకు నోటీసు ఇచ్చింది. 2025 మార్చిలో షికాగో నుంచి ఢిల్లీ బయల్దేరిన విమానంలోనైతే 12 మరుగుదొడ్లలో 8 పనిచెయ్యక, గాల్లో గంటల తరబడి తిరిగి మళ్లీ షికాగోలోనే దిగింది. కవర్లు, గుడ్డలు తోసెయ్యడం వల్ల గొట్టాలు పూడిపోయాయట. ఇందులో సంస్థ తప్పెంతో, మన తప్పెంతో...

మా సంగతికొస్తే, మూడు నెలలు ఉత్తరాలు రాయగా రాయగా ఆ విమాన సంస్థ పెద్దమ్మకూ నాకూ చెరో వోచర్ పంపింది. తర్వాతి టికెట్లో తగ్గింపు ఇస్తారట. గడువు ఏడాది. ద్రాక్షారామం వాళ్లకు ఏమీ రాలేదని తెలిసి, వాళ్ల తరఫున ఉత్తరం నాచేతే రాయించింది పెద్దమ్మ. దానికి జవాబు రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. వాళ్లకీ వోచర్లే, కాకపోతే మాకొచ్చిన దానిలో మూడో వంతు.

డాలస్ నుంచి ఆగస్టులో తిరిగొచ్చిన పెద్దమ్మ, ఆ వోచర్‌ను ముక్తేశ్వరంలో పంచాంగం మధ్యలో పెట్టింది. గడువు తీరేలోగా ఊరు దాటింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ పంటు మీదే.