ట్రంకుపెట్టె దింపిన తరువాత

మా తాతగారు కరణం. 1984లో ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసినప్పుడు గ్రామ లెక్కలు అప్పగించేసి, ఇంటి కాగితాలన్నీ ఇనుప ట్రంకుపెట్టెలో వేసి అటక ఎక్కించారట. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ పెట్టె దింపాను. అంతా కంప్యూటర్లోకి ఎక్కించి బంధువులందరికీ పంచాలని నా సంకల్పం. మూత తీయగానే సగం నీరుగారిపోయింది. దస్తావేజులు, శిస్తు రసీదులు, కార్డుముక్కలు, శుభలేఖలు, జాతకాలు, వెనక పేరైనా లేని ఫోటోలు, వాటి మధ్య చెదల మట్టి. రెండు రోజులు పెట్టె చుట్టూ ప్రదక్షిణాలు చేశాను తప్ప ఒక్క కాగితం ముట్టలేదు.

తరువాత చేసింది ఇంకా తెలివితక్కువ పని. పాతవాటికే విలువ ఎక్కువనుకొని, అన్నిటికన్నా పాత దస్తావేజుతో మొదలుపెట్టి, ప్రతి ఆదివారం ఊరికి వెళ్ళి వరుసగా స్కాన్ చేసుకుపోయాను. రిజిస్టరయిన దస్తావేజుకు నకలు కావాలంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అడగవచ్చునన్న సంగతి తట్టనే లేదు. వరండాలో మా నాయనమ్మ "ఒరే, ఆ ఫోటోలు ఇలా తేరా, చూస్తాను" అంటూనే ఉంది. "ఉండవే, వాటి వంతు ఇంకా రాలేదు" అంటూ వచ్చాను. ఉగాది వెళ్ళాక ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

అందుచేత ఇటువంటి పెట్టె మీ యింట్లోనూ ఉంటే, మొదటి రోజున స్కానరు జోలికి పోకండి. ఉత్తినే మూడు కుప్పలు వేయండి. మనిషిని అడిగితేగాని అర్థం కానివి ఒకటి. పాడైపోతున్నవి రెండోది. ఇంకెక్కడైనా నకలు దొరికేవి మూడోది. పని కూడా ఆ వరుసలోనే. మూడో కుప్ప ఏడాది ఆగినా కొంప మునగదు. కూర్చున్నప్పుడల్లా ఒక్క కవరు మాత్రమే తీయాలని నియమం పెట్టుకొన్నాక నాకు ఆ పెట్టెంటే భయం పోయింది.

ఫోటోలయితే అంగుళానికి 600 చుక్కలు, కాగితాలకు 300 చాలు. స్కానరు లేకపోతే కిటికీ వెలుతురులో ఫోను తిన్నగా పట్టుకొని తీసినా సరిపోతుంది, ఫ్లాష్ మాత్రం వద్దు. జిగురు ఆల్బములకు అతుక్కుపోయిన ఫోటోలను పీకకుండా పేజీతో సహా తీయండి.

అసలు చిక్కు తేదీలతో. మనవాళ్ళు ఉత్తరం మీద 'రౌద్రి నామ సంవత్సరం' అని వ్రాసి ఊరుకొంటారు. అది 1920-21 కావచ్చు, 1980-81 కూడా కావచ్చు! కార్డు మీద ఐదవ జార్జి తల ఉంటే మొదటిదే. అణాల స్టాంపు ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుదని చెప్పవచ్చు. శిస్తు రసీదు మీది ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫైలు పేరులో ఆ సంవత్సరాన్నే ముందు పెట్టండి, కంప్యూటరు తనంతట తానే వరుసగా పేరుస్తుంది.

పని కాగానే నకళ్ళు పంచండి. మెకంజీ సేకరించిన కైఫీయతులు శిథిలమవుతుంటే బ్రౌన్ దొర కూర్చోబెట్టి నకళ్ళు వ్రాయించాడు. మనకు ఆ శ్రమ కూడా లేదు. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే డిస్కులో, మరొకటి పొరుగూరి బంధువు దగ్గర ఉంటే చాలు.

నేనిప్పుడు శుభలేఖలు ముందేసుకొని, ఫోటో నాయనమ్మ ఒళ్ళో పెట్టి, అందులోని పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాను. అవునయితే తల ఊపుతుంది. కాకపోతే విసుక్కొంటుంది. ఇంతవరకు పదకొండు మొహాలకు పేర్లు దొరికాయి. పెళ్ళిపందిట్లో తాతగారి పక్కన నిలబడ్డ పిల్ల ఎవరో ఇంకా తేలలేదు. ఆ ఫోటో చూపినప్పుడల్లా ఆమె ఏదో చెప్పబోతుంది.