అమ్మ మంచం పక్కన బుజ్జి మంచం

మా విద్యార్థికి తమ్ముడో చెల్లెలో రాబోతున్నారా? పసిబిడ్డ ఆర్నెల్లదాకా తల్లి గదిలోనే, కానీ వేరే పడకపై నిద్రపోవాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచన. తల్లి మంచానికి ఆనించి వేసే చిన్న మంచం కొంటే, రంగుల కన్నా ముందు సందు చూడండి. రెండు పరుపులూ ఒకే ఎత్తులో, మధ్యలో ఖాళీ లేకుండా బెల్టులతో బిగిసి ఉండాలి. బిడ్డ ఆ సందులో ఇరుక్కుంటే ఊపిరాడదు. కమ్మీల ఎడం 6 సెంటీమీటర్లు దాటకూడదు. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టండి. అమ్మమ్మ ప్రేమగా కుట్టిన ఆవాల దిండయినా నిద్రలో వద్దు (ఆవిడకు నెమ్మదిగా చెప్పండి!). మన కోనసీమలో దోమతెర తప్పదు. అది బిడ్డ మీదికి జారకుండా బిగుతుగా కట్టాలి. చేతులు ఊని లేవబోయేనాటికి, అంటే ఐదారు నెలలకే, ఈ మంచం పని అయిపోతుంది. అంతదానికి వేలు పోయనక్కర్లేదు. అమలాపురంలో వడ్రంగి చేత చేయించుకున్నా ఈ కొలతలే ఇవ్వండి.