రియాక్టరుకు నెల నెలా మార్కులు

మనకు యూనిట్ టెస్టుల మార్కులు వచ్చినట్లే అణు విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్క రియాక్టరుకూ నెల తిరిగేసరికి మార్కులు వస్తాయి. ఎన్ని యూనిట్ల కరెంటు తీసింది, ఎన్ని గంటలు నడిచింది, ఎన్నిసార్లు ఆగింది, ఎందుకు ఆగింది అన్నవి ఆ కాగితం మీద వుంటాయి. అన్నిటికీ మించి అందరి చూపూ పడేది ఒక శాతం మీద. దాన్ని ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్ అంటారు. 95 వస్తే శభాష్ అంటాం, 50 వస్తే పెదవి విరుస్తాం. ఈ అంకె మాట నిజమే గాని, అది ఎవరి మాట చెబుతున్నదో తెలుసుకోకుండా మెచ్చుకున్నా, తిట్టినా పొరపాటు పడతాం.

ముందుగా లెక్క చూద్దాం. కర్ణాటకలో కాళీ నది పక్కన కైగా అణు విద్యుత్ కేంద్రం వుంది. అక్కడి కరెంటులో మన రెండు తెలుగు రాష్ట్రాలకూ వాటా వుంది. అందులో ఒకటో యూనిట్ శక్తి 220 మెగావాట్లు. (ఇక్కడొక చిక్కుంది. రియాక్టరునూ యూనిట్ అంటారు, మన మీటరులో తిరిగేదీ యూనిట్టే. ఇకనుంచి మొదటిదాన్ని రియాక్టరు అనే అంటాను.) ఒక్క క్షణం ఆగకుండా, పూర్తి బలంతో రోజంతా నడిస్తే 52 లక్షల 80 వేల యూనిట్లు వస్తాయి. 30 రోజుల నెలకు 15 కోట్ల 84 లక్షలు. నిజంగా వచ్చిన యూనిట్లను దీనితో భాగించి నూరుతో హెచ్చిస్తే లోడ్ ఫ్యాక్టర్ తేలుతుంది. ఫిబ్రవరికి 28 రోజులే గనుక ఆ నెలలో నూటికి నూరు తెచ్చుకున్న రియాక్టరు, మార్చిలో 91 తెచ్చుకున్నదాని కన్నా తక్కువ కరెంటే ఇస్తుంది. కనుక శాతాన్నీ, యూనిట్లనూ కలిపి చూడాలి.

ఆ 220 మెగావాట్లూ బయటికి రావు. పెద్ద పెద్ద పంపులు భారజలాన్నీ మామూలు నీటినీ రాత్రింబగళ్ళు తిప్పుతూ వుండాలి. వాటి తిండి పోగా బయటి తీగల్లోకి ఎక్కేది సుమారు 202 మెగావాట్లు. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇళ్ళు అనుకుంటే, దారిలో పోయే నష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, 14 లక్షల 54 వేల ఇళ్ళకు సరిపోతుందన్నమాట.

మరి మార్కులు ఎందుకు తగ్గుతాయి? బొగ్గు కేంద్రం పిడుగు పడి ఆగిందనుకోండి, లోపం సరిచేసి కొద్ది గంటల్లో మళ్ళీ వెలిగించుకోవచ్చు. రియాక్టరు సంగతి అలా కాదు. యురేనియం అణువు చీలినప్పుడు పుట్టే ముక్కల్లో అయొడిన్-135 ఒకటి. అది కొన్ని గంటల్లో జీనాన్-135గా మారుతుంది. ఈ జీనానుకు న్యూట్రాన్లంటే విపరీతమైన ఆకలి. గొలుసు చర్య నడవాలంటే కావలసిన న్యూట్రాన్లను ఇది మధ్యలోనే మింగేస్తుంది. రియాక్టరు నడుస్తున్నంతసేపూ భయం లేదు. న్యూట్రాన్లను మింగిన జీనాన్ ఆ ఆకలి లేని మరో రకం జీనానుగా మారిపోతూ వుంటుంది గనుక రాకా పోకా సరితూగుతాయి. రియాక్టరు ఆగిన మరుక్షణం జీనానును ఖర్చు చేసే న్యూట్రాన్లు వుండవు. అయొడిన్ మాత్రం ఏమీ పట్టనట్లు మారుతూనే వుంటుంది. జీనాన్ పేరుకుపోతుంది.

ఫలితం ఏమంటే, ట్రిప్ అయిన రియాక్టరును ఇంచుమించు అరగంటలోగా మళ్ళీ లేపగలిగితే లేపినట్టు. ఆ అరగంట దాటితే ఇంజనీర్లు ఎంతమంది చుట్టూ మూగినా అది లేవదు. జీనాన్ తనంతట తాను క్షీణించేదాకా సుమారు ఒకటిన్నర రోజు చేతులు కట్టుకుని కూర్చోవాలి. సహజ యురేనియంతో నడిచే మన రియాక్టర్లలో, జీనానును అణచి ముందుకు పోయేంత అదనపు బలం వుండదు. ఎక్కడో గ్రిడ్‌లో ఐదు నిమిషాలు గడబిడ జరిగి రియాక్టరు ఆగిందనుకుందాం. ఆ అరగంట చేజారితే పోయేది 79 లక్షల యూనిట్లు. నెల మార్కుల్లో ఐదు ఎగిరిపోయాయి! తప్పు రియాక్టరుది కాదు, నడిపేవాళ్ళదీ కాదు. కాగితం మీద మాత్రం 95 అనే పడుతుంది.

చిన్న చిన్న కారణాలూ వున్నాయి. టర్బైన్ దాటిన ఆవిరిని చల్లార్చే నీరు కద్రా జలాశయం నుంచి వస్తుంది. ఆ నీరు ఎంత చల్లగా వుంటే అదే ఆవిరి నుంచి అంత ఎక్కువ కరెంటు పిండుకోవచ్చు. అనుకూలమైన నెలల్లో లోడ్ ఫ్యాక్టర్ నూరు దాటడం కూడా సాధ్యమే. నూటికి నూటొక్క మార్కులు మనకెప్పుడూ రాలేదు లెండి!

ఈ తరహా రియాక్టర్లకు ఒక గొప్ప సౌకర్యం వుంది. ఇంధనం మార్చడానికి ఆపనక్కరలేదు. 306 అడ్డు గొట్టాలలో, ఒక్కొక్క దానిలో 12 చొప్పున ఇంధన కట్టలు వరసగా వుంటాయి. ఒక్కో కట్ట అర మీటరు పొడుగు, అందులో 19 సన్నని జిర్కలాయ్ గొట్టాలు. రెండు వైపులా రెండు యంత్రాలు నిలబడి, ఒకటి కొత్త కట్టలను తోస్తుంటే రెండోది కాలిన కట్టలను అందుకుంటుంది. సగటున రోజుకు ఎనిమిది కట్టలు సరిపోతాయి. అవి తయారయ్యేది మన హైదరాబాదులోనే, మౌలాలి దగ్గరి న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్సులో. రోజుకు ఎనిమిదంటే ఒక మనిషి మోయలేనంత బరువు మాత్రం వుంటుంది, నూటపాతిక కిలోల పైచిలుకు. అదే పనికి బొగ్గయితే రైలు వ్యాగన్లు బారులు తీరాలి.

ఆ కాస్తా దొరకని రోజులు కూడా వచ్చాయి. 2007, 2008 ప్రాంతాల్లో స్వదేశీ యురేనియం చాలక మన రియాక్టర్లను కావాలనే తక్కువ బలంతో నడిపారు. దేశం మొత్తం మీద లోడ్ ఫ్యాక్టర్ 50 దగ్గరకు జారింది. పత్రికల్లో ఆ అంకె చూసినవాళ్ళు మన రియాక్టర్లు పనికిరావన్నారు. యంత్రం సిద్ధంగానే వుంది, పెట్టడానికి తిండి లేదు. అందుకే ఆ కాగితం మీద అవైలబిలిటీ ఫ్యాక్టర్ అని ఇంకో గడి వుంటుంది. రియాక్టరు ఎంతకాలం నడవడానికి సిద్ధంగా వున్నదో అది చెబుతుంది. ఆ గడిలో 90 వుండి లోడ్ ఫ్యాక్టర్ 50 వుంటే, లోపం వెతకవలసింది కేంద్రంలో కాదు, గనుల్లోనో ఢిల్లీలోనో.

భాగహారంలో కింది అంకె మీద కూడా ఒక కన్ను వేసి వుంచాలి. రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో 1973లో ఉత్పత్తి ప్రారంభించిన మొదటి రియాక్టరు 220 మెగావాట్లకని కట్టినది. ఎండ్ షీల్డ్ పగుళ్ళ వంటి బాధలు పడి చివరకు 100 మెగావాట్ల రియాక్టరుగా మిగిలింది. 2004 నుంచి అసలు నడవడమే లేదు. 90 మెగావాట్లు ఇస్తే పాత లెక్కన 41 మార్కులు, కొత్త లెక్కన 90. విద్యార్థి అదే, ప్రశ్నపత్రం సులువైంది.

ఇక రికార్డు సంగతి. కైగా ఒకటో రియాక్టరు 2016 మే 13న మొదలుపెట్టి 2018 డిసెంబరు 31 దాకా 962 రోజులు ఆగకుండా నడిచింది. బ్రిటన్‌లోని హేషమ్ రియాక్టరు పేరిట వున్న 940 రోజుల రికార్డును దాటింది. ఆ కాలంలో సుమారు 500 కోట్ల యూనిట్లు ఇచ్చింది, లోడ్ ఫ్యాక్టర్ 99 పైన. 2020లో కెనడాలోని డార్లింగ్టన్ ఒకటో రియాక్టరు దీన్ని మించిపోయి, 2021 ఫిబ్రవరిలో 1,106 రోజుల దగ్గర ఆగింది. అదీ భారజలం రియాక్టరే.

962వ రోజున కైగాను ఆపింది ప్రమాదం కాదు, ముందే అనుకున్న తనిఖీ, మరమ్మతులు. రియాక్టరును ఏ రెండేళ్ళకో ఒకసారి ఆపి గొట్టాల మందం కొలుస్తారు, టర్బైన్ విప్పుతారు, కవాటాలు మార్చుతారు. నెలంతా ఆగివుంటే ఆ నెలకు వచ్చే మార్కు సున్నా. ఆ సున్నా చూసి కంగారుపడేవాళ్ళు, 1993 మార్చి 31న నరోరాలో జరిగినది తెలుసుకోవాలి. టర్బైన్ చివరి వరస బ్లేడ్లు రెండు అలసి విరిగాయి. హైడ్రోజన్ అంటుకుంది, మంట కేబుళ్ళ వెంట పాకింది, పంపులకు 17 గంటలపాటు కరెంటు లేదు. సిబ్బంది చీకట్లో, పొగలో, డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపుల నీళ్ళు మళ్ళించి రియాక్టరు వేడి తగ్గించారు. రేడియోధార్మికత బయటికి రాలేదు. కాని ఆ రియాక్టరు మళ్ళీ కరెంటు ఇవ్వడానికి ఏడాది పైనే పట్టింది. అన్ని నెలలూ వరసగా ఆ గడిలో సున్నాలే పడ్డాయి, ఎవరూ ముందుగా అనుకోని సున్నాలు.